ఇంగ్లిష్‌లో సెమినార్ చెప్పడం నేర్చుకోవాలంటే: కోచింగా, కాలేజీ ల్యాబా, క్లబ్బా, హాస్టల్ గదా?

ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. మూడో ఏడాది పిల్లల సెమినార్ తేదీలు నోటీసు బోర్డులో పెట్టిన వారం నాకు వచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఒకలాగే ఉంటాయి. "సార్, మావాడు మార్కుల్లో బానే ఉంటాడు. నలుగురి ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. ఎక్కడ చేర్పించమంటారు?" అని తల్లిదండ్రులు. "సార్, పీపీటీ చూసి చదివేస్తే మార్కులు తగ్గిస్తారా?" అని పిల్లలు.

రెండు ప్రశ్నల వెనకా ఉన్నది ఒకే భయం. అందుకే ఎక్కడ నేర్చుకోవాలి, ఎలా తయారవ్వాలి అనే రెండింటికీ నేను చూసిన దారులన్నీ పక్కపక్కన పెట్టి చెబుతాను.

దారి ఏదైనా దాన్ని నేను రెండు లెక్కలతో కొలుస్తాను. వారంలో ఆ విద్యార్థి లేచి నిలబడి, ఎదురుగా మనుషులు వింటుండగా ఎన్ని నిమిషాలు మాట్లాడతాడు? మాట్లాడి కూర్చున్నాక, వచ్చేసారి మార్చుకోవాల్సింది ఇదీ అని ఒక్కటైనా చెప్పేవాళ్లు ఉన్నారా? ఫీజు, సర్టిఫికెట్, ఏసీ గది అన్నీ వీటి తర్వాతే.

స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్

హైదరాబాద్ అమీర్‌పేట నుంచి చిన్న టౌన్లలో బస్టాండు సెంటర్ దాకా ఇవి లేని చోటు లేదు. వీటివల్ల మేలు లేదని నేను అనను. ఇంగ్లిష్‌లో వాక్యమే కట్టలేని పిల్లలకు ముందు కావాల్సింది ఇదే. రోజూ ఒక టైముకి వెళ్లే అలవాటు, బోర్డు మీద టెన్సులు, చిన్న చిన్న సంభాషణలు వాళ్లకి నిజంగా ఆసరా.

కానీ ప్రెజెంటేషన్ కోసమే చేరేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. బ్యాచ్‌లో నలభై మంది ఉన్నారనుకుందాం. గంట క్లాసులో సారు అరగంట చెబితే మిగిలింది ముప్పై నిమిషాలు. అది నలభై మందికి పంచితే మనిషికి ముప్పావు నిమిషం. అదీ అందరికీ సమంగా పంచితే. ముందు బెంచీ వాళ్లు రెండేసి సార్లు లేస్తారు కాబట్టి వెనక కూర్చునే పిల్లాడికి ఆ ముప్పావు నిమిషం కూడా దక్కదు.

చేరే ముందు చేయాల్సిన పని ఒకటుంది. డెమో క్లాసు చూసి నిర్ణయించుకోవద్దు, ఆ రోజు ఎవరైనా బాగానే చెబుతారు. మొదలై మూడు వారాలైన బ్యాచ్‌లో ఒక గంట వెనక కూర్చోనివ్వమని అడగండి. ఆ గంటలో ఎంతమంది విద్యార్థుల గొంతు వినపడిందో లెక్కపెట్టండి. కూర్చోనివ్వకపోతే మీ నిర్ణయం అక్కడే అయిపోయినట్టు.

అసలు కోచింగ్ అవసరమా కాదా తేల్చుకోవడం తేలికే. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశావో ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు చెప్పమనండి. తప్పులున్నా సరే, ఐదూ చెప్పగలిగితే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఆ అబ్బాయికి కావాల్సింది గ్రామర్ కాదు, నిలబడే అవకాశం.

కాలేజీ ల్యాబ్

జేఎన్‌టీయూ సిలబస్‌లో చదివినవాళ్లందరికీ ఇంగ్లిష్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ తెలిసిందే. ఒక భాగం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని వినేది. రెండోది లేచి మాట్లాడేది: జామ్ (ఇచ్చిన అంశం మీద ఒక్క నిమిషం మాట్లాడటం), రోల్‌ప్లే, ప్రెజెంటేషన్. దీనికి ఫీజు మీరు ఎప్పుడో కట్టేశారు. గది ఉంది, ప్రొజెక్టర్ ఉంది, తప్పులు చెప్పగల టీచర్ ఉన్నారు.

చిక్కల్లా సమయంతోనే. ముప్పై మంది బ్యాచ్, రెండు పీరియడ్లు కలిపి వంద నిమిషాలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వస్తుంది. ఒక్క క్లాసు లెక్కన చూస్తే కోచింగ్ కంటే నయమే కానీ సరిపోదు. పైగా ల్యాబ్ ఎక్కువగా మొదటి ఏడాదిలో ఉంటుంది, సెమినార్ మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో వస్తుంది. మధ్యలో ఏడాదో రెండేళ్లో నోరు మూతపడిపోతుంది.

అయినా దీన్ని వదులుకోవద్దు. ల్యాబ్ ఖాళీగా ఉండే పీరియడ్లు వారంలో ఉంటాయి. నలుగురు విద్యార్థులు కలిసి వెళ్లి "మేడమ్, గురువారం ఆఖరి పీరియడ్ మేం ప్రాక్టీస్ చేసుకోవచ్చా?" అని అడిగితే కాదనే టీచర్లు తక్కువ. ఇన్నేళ్లలో నన్ను అలా అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఎవరూ సెమినార్‌లో తడబడగా నేను చూడలేదు.

టోస్ట్‌మాస్టర్స్

1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టిన సంస్థ ఇది. ఇప్పుడు హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో కూడా క్లబ్బులున్నాయి. మాట్లాడటం నేర్పే పద్ధతి విషయంలో ఇంతకంటే పకడ్బందీగా ఉన్నది నేను చూడలేదు.

అక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండరు. సభ్యులే తలా ఒక పని పంచుకుంటారు. ఒకరు టైమ్ చూస్తారు. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగమైతే ఐదో నిమిషంలో ఆకుపచ్చ, ఆరో నిమిషంలో పసుపు, ఏడో నిమిషంలో ఎరుపు చూపిస్తారు. ఇంకొకరు "ఆ... ఊ..." అని ఎన్నిసార్లు సాగదీశారో లెక్కపెడతారు. మరొకరు భాష గమనిస్తారు. మాట్లాడినవాళ్ల మీద ఒక సభ్యుడు లేచి రెండు మూడు నిమిషాలు విశ్లేషణ చెబుతాడు. టేబుల్ టాపిక్స్ అని, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడేదీ ఉంటుంది. వైవాలో, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్షలో, ఊహించని ప్రశ్న పడితే బిగుసుకుపోయే పిల్లలకి అది మందులా పనిచేస్తుంది.

ఇక ఇబ్బందులు. పద్దెనిమిదేళ్లు నిండాలి. చందా ఆరు నెలలకోసారి, డాలర్ల లెక్కన. అన్ని ఊళ్లలో క్లబ్బులుండవు. సభ్యుల్లో ఎక్కువమంది ఉద్యోగులైతే రెండో ఏడాది విద్యార్థికి బెరుకు పోవడానికే నెల పడుతుంది. సభ్యులు ఎక్కువుంటే తయారై చేసే ప్రసంగానికి మీ వంతు రావడానికి వారాలు ఆగాలి. మన సెమినార్లలో ఉండే గ్రాఫులు, సర్క్యూట్లు వివరించడం కూడా అక్కడ పెద్దగా తగలదు.

నగరంలో ఉండి, ఉద్యోగాల వేటలో ఉన్న నాలుగో ఏడాది వాళ్లకి, చందా కట్టుకోగలిగితే, చేరమనే చెబుతాను. మిగతావాళ్లు ముందు అతిథిగా రెండు మీటింగులకి వెళ్లి కూర్చోండి. ఎవరు ఏ పని చేస్తున్నారో చూసి ఆ పద్ధతి మీ హాస్టల్‌కి తెచ్చుకోండి.

నలుగురు స్నేహితులు, ఒక గది

ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. నలుగురు చాలు. ఆరుగురు దాటితే మళ్లీ బ్యాచ్ లెక్కే అవుతుంది. ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడతారు, మూడు నిమిషాలు ప్రశ్నలు, రెండు నిమిషాలు సలహా. నలుగురికీ కలిపి నలభై నిమిషాలు. వారానికి మూడు రోజులు కూర్చుంటే ప్రతి ఒక్కరూ పావుగంట నిలబడి మాట్లాడతారు, తొమ్మిది నిమిషాలు ప్రశ్నలు ఎదుర్కొంటారు. పైన చెప్పిన ఏ దారిలోనూ ఇంత సమయం దక్కదు. ఖర్చు లేదు.

ఒకరు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురికీ పని ఉండాలి. ఒకరు టైమ్ చూడాలి. ఒకరు "యాక్చువల్లీ", "బేసికల్లీ", "సో" ఎన్నిసార్లు వచ్చాయో కాగితం మీద గీతలు పెట్టాలి. మూడోవాళ్లకి నేను అవధానం నుంచి ఒక పని తెచ్చి ఇస్తాను. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఉంటాడు కదా, అవధాని సమస్యాపూరణంలోనో దత్తపదిలోనో తలమునకలై ఉండగా సంబంధం లేని ప్రశ్న వేసి ధ్యాస మళ్లించడమే ఆయన పని. అవధాని దానికి చక్కగా జవాబిచ్చి, వదిలిన చోటునుంచి మళ్లీ అందుకుంటాడు. మన మూడో స్నేహితుడూ అంతే. బ్యాటరీ గురించి చెబుతుంటే "హౌ మచ్ డజ్ ఇట్ కాస్ట్? ఈజ్ ఇట్ అవైలబుల్ ఇన్ అవర్ టౌన్?" అని మధ్యలో అడగాలి. ఇలా నాలుగు రోజులు అలవాటైన పిల్లాడికి సెమినార్‌లో హెచ్‌ఓడీ గారు మధ్యలో ఆపినా చెమటలు పట్టవు. జవాబు తెలియనప్పుడు అనడానికి ఒక వాక్యం దగ్గర ఉంచుకోవాలి: "ఐ డిడ్ నాట్ చెక్ దట్. ఐ విల్ ఫైండ్ అవుట్ అండ్ టెల్ యూ." ఇది చెప్పినందుకు మార్కులు పోవు. తెలియనిది తెలిసినట్టు చెబితేనే పోతాయి.

రెండు నియమాలు మాత్రం గట్టిగా పాటించాలి. ఎవరి ఉచ్చారణ మీదా నవ్వకూడదు. మాట్లాడి కూర్చున్నవాళ్లకి ఒక్క సలహాయే ఇవ్వాలి. "చేతులు కట్టుకున్నావు, వేగంగా చెప్పావు, కళ్లలోకి చూడలేదు, టెన్స్ తప్పు" అని నాలుగూ ఒకేసారి చెబితే ఏదీ గుర్తుండదు, వచ్చేసారి లేవబుద్ధి కూడా కాదు. ఈ మాట నాతోటి టీచర్లకి కూడా చెబుతున్నాను. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట మధ్యలో ఆపి తప్పులు దిద్దేవాణ్ణి. అలా ఆపిన పిల్లలు రెండోసారి చెయ్యెత్తలేదు.

దీనిలోనూ లోపాలున్నాయి. నలుగురికీ ఇంగ్లిష్ అంతంత మాత్రమే అయితే తప్పులు ఎవరు పట్టుకుంటారు? అందుకే పదిహేను రోజులకోసారి ఒక వీడియో తీసి ఇంగ్లిష్ టీచర్‌కి చూపించండి. ఇక మిడ్ ఎగ్జామ్స్ రాగానే ఇలాంటి గుంపులు చెదిరిపోతుంటాయి. భోజనం కాగానే అదే గదిలో, అదే టైముకి అని పెట్టుకున్నవాళ్లు నిలబెట్టుకుంటారు. రోజూ ఇంటినుంచి వచ్చేవాళ్లయితే లంచ్ అవర్‌లో ఖాళీ క్లాస్‌రూమ్ చూసుకోవచ్చు.

ఫోను, ఆన్‌లైన్ కోర్సులు

స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ మీద పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. వినడానికి బాగుంటాయి. కానీ వింటున్నంతసేపూ మీరు కూర్చునే ఉంటారు కాబట్టి నా లెక్కలో నిమిషాలు సున్నా. మాట్లాడే ఏఐ యాప్‌లు బాగా సిగ్గుపడే పిల్లలకి మొదటి రెండు వారాలు ఉపయోగపడతాయి, ప్రశ్నలు వేయించుకోవడానికీ పనికొస్తాయి. ప్రసంగం మొత్తం వాటితో రాయించుకోవద్దు. మీ నోట ఎప్పుడూ పలకని మాటలు అందులో వస్తాయి, స్టేజీ మీద సరిగ్గా అక్కడే ఆగిపోతారు.

ఫోన్ రికార్డింగ్ మాత్రం ఏ దారిలో వెళ్లేవాళ్లకైనా ఉండాల్సిందే. ఒకసారి తెర చూడకుండా వినండి, ఇంకోసారి శబ్దం ఆపి చూడండి. వింటే మన తెలుగువాళ్ల రెండు అలవాట్లు తెలిసిపోతాయి. మాట చివర అచ్చు తగిలించడం ఒకటి: టెస్టు, బెల్టు, వర్కు. అన్ని అక్షరాలనీ సమానంగా ఒత్తడం రెండోది. డెవలప్, కాంపోనెంట్ మాటల్లో ఒత్తు రెండో అక్షరం మీద పడాలి. ఫోటోగ్రాఫ్‌లో మొదటి దాని మీద పడే ఒత్తు ఫోటోగ్రఫీ అనేసరికి రెండో దాని మీదకి జరుగుతుంది. మీ సెమినార్‌లో పదే పదే వచ్చే పది మాటలకి ఇది సరిచేసుకుంటే చాలు. యాస మొత్తం మార్చుకోనవసరం లేదు.

బట్టీ పట్టాలా, పీపీటీ చదవాలా, కార్డు పట్టుకోవాలా?

ఎక్కడ నేర్చుకున్నారన్న దానికంటే ఇదే ముఖ్యమని ఒక అబ్బాయి నాకు నేర్పాడు. మెకానికల్, పదో తరగతి దాకా తెలుగు మీడియం. సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఎందుకు కాలిపోతాయన్నది అంశం. నాలుగు పేజీలు రాసి మొత్తం కంఠస్థం చేశాడు. రిహార్సల్‌లో "ద వైండింగ్ ఇన్సులేషన్..." దాకా బాగానే వచ్చి ఆగాడు. తర్వాతి మాట "డిటీరియరేట్స్". అది రాలేదు. పద్యం మధ్యలో మర్చిపోతే మళ్లీ మొదటి పాదం ఎత్తుకున్నట్టు వెనక్కి వెళ్లి అదే వాక్యం అందుకున్నాడు. మూడుసార్లూ అక్కడే ఆగాడు. కుడిచెయ్యి చొక్కా అంచుని చుట్టేస్తోంది.

"నాన్నా, ఇంగ్లిష్ వదిలెయ్. మీ ఇంట్లో ఎప్పుడైనా మోటార్ కాలిందా? ఏం జరిగిందో తెలుగులో చెప్పు" అన్నాను.

చెప్పాడు. రాత్రి కరెంటు, లో వోల్టేజీ. మోటార్ సరిగ్గా లాగకుండా గుయ్యిమంటోంది. స్టార్టర్ ట్రిప్ అవలేదు. పొద్దున్నే బోరులోంచి పైపులు ఒక్కొక్కటీ లాగి మోటార్ పైకి తీస్తే వైండింగ్ నల్లగా మాడిపోయి ఉంది, వార్నిష్ కాలిన వాసన. చెబుతున్నంతసేపూ ఆ చెయ్యి పైపులు లాగుతోంది, చొక్కా అంచు ఎప్పుడు వదిలేసిందో అతనికే తెలియదు.

పోస్టుకార్డు సైజు అట్ట మీద ఆరు మాటలు రాయించాను: నైట్ సప్లై, లో వోల్టేజ్, మోర్ కరెంట్, హీట్, ఇన్సులేషన్, స్మెల్. వారం తర్వాత ఆ కార్డుతోనే ఇంగ్లిష్‌లో చెప్పాడు. "ఎట్ నైట్ ద వోల్టేజ్ ఈజ్ లో. ద లోడ్ ఈజ్ సేమ్. సో ద మోటార్ టేక్స్ మోర్ కరెంట్. మోర్ కరెంట్ మీన్స్ మోర్ హీట్." చిన్న వాక్యాలు. రెండు మూడు చోట్ల గ్రామర్ తప్పింది. కానీ మోటార్ ఎందుకు కాలిందో తెలియనివాళ్లు ఆ క్లాసులో ఒక్కరూ మిగల్లేదు.

అందుకే నేను కార్డు వైపే. బట్టీ పట్టినదానిలో ఒక్క మాట జారితే మొత్తం జారుతుంది. పీపీటీ చూసి చదివితే వినేవాళ్లు మీకంటే ముందే చదివేసి ఫోన్లు తీస్తారు. కార్డు మీద మాట మాత్రమే ఉంటుంది, వాక్యం అప్పటికప్పుడు మీరు కట్టుకోవాలి. అక్కడే భాష వస్తుంది. కంఠస్థం చేయాల్సినవి రెండే వాక్యాలు, మొదటిదీ చివరిదీ. ఎందుకంటే టెన్షన్ ఎక్కువగా ఉండేది మొదలుపెట్టేటప్పుడు, తేలిపోయేది ముగించేటప్పుడు. "వెరీ గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్ ప్రెజెంట్ హియర్" అని అందరూ మొదలుపెడతారు, అప్పటికి ఎవరూ వినరు. "హౌ మెనీ ఆఫ్ యూ హావ్ అ బోర్‌వెల్ ఎట్ హోమ్?" అని అడిగితే తలలు పైకి లేస్తాయి. "దట్స్ ఆల్, థ్యాంక్యూ" అని వదిలేయకుండా వినేవాళ్లు ఇంటికి తీసుకెళ్లాల్సిన ఒక్క విషయంతో ఆపండి.

స్లైడ్లు తప్పనిసరి అయితే ఒక్కో దానిలో ఒక బొమ్మో ఒక గ్రాఫో పెట్టండి, వాక్యాలు వద్దు. చదివే అలవాటు పోవడంలేదా? పెచాకుచా పద్ధతి ప్రయత్నించండి. 2003లో టోక్యోలో మొదలైంది. ఇరవై స్లైడ్లు, ఒక్కోటి ఇరవై సెకన్లకి దానంతటదే మారిపోతుంది, మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు. చదువుతూ కూర్చునే వీలే ఉండదు. కాకపోతే ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నవాళ్లకి ఇది ఇవ్వకండి, పరుగులో కంగారు పెరుగుతుంది. వాళ్లకి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పద్ధతి నయం. ఒకే స్లైడు, మూడే నిమిషాలు. పరిశోధన చేసేవాళ్ల కోసం పెట్టిందే అయినా మన ప్రాజెక్ట్ వైవాకి చక్కగా అతుకుతుంది.

సెమినార్ వచ్చే సోమవారమే అయితే

చేరడానికీ గుంపు కట్టడానికీ టైము లేదు, నిజమే. ఈ రోజు మీ అంశాన్ని ఇంట్లో అమ్మకో రూమ్మేట్‌కో తెలుగులో చెప్పండి. వాళ్లు ఎక్కడ "అంటే?" అని అడిగారో గుర్తుపెట్టుకోండి, సెమినార్‌లో ప్రశ్నలు వచ్చేదీ అక్కడే. రేపు ఆరు మాటల కార్డు రాసుకుని ఇంగ్లిష్‌లో ఫోన్‌కి చెప్పండి, ఎంత చెత్తగా వచ్చినా చివరిదాకా ఆపకుండా. ఎల్లుండి ఇద్దరు స్నేహితుల ముందు నిలబడి రెండుసార్లు. ఆదివారం సాయంత్రం వేసుకోబోయే బట్టలతో, బూట్లతో, ఖాళీ గదిలో గడియారం పెట్టుకుని ఒక్కసారి చెప్పి, రాత్రి త్వరగా పడుకోండి. సోమవారం పొద్దున కొత్తగా ఒక్క ముక్క కూడా చేర్చకండి.